దిగినాక ఒక ఫోను

విమానం ఎక్కించే ముందు మా నాయనను కాటా మీద నిలబెట్టాను. చెప్పులతో సహా 61 కిలోలు. నేను ఆ అంకెను కాగితం మీద రాసుకుంటుంటే ఆయన వింతగా చూశాడు. "శనక్కాయల మూటను తూకమేసినట్ల ఏస్తాండావే పాపా" అన్నాడు. నాలుగు సీట్ల సెస్నా 172లో ప్రతి కిలోకూ లెక్కుంటుంది. విమానం సొంత బరువు, మనుషులు, సంచులు, పెట్రోలు అన్నీ కలిపి వెయ్యి కిలోలకు కాస్త పైన ఆగిపోవాలి. ఏ బరువు ఎక్కడ పెట్టామన్నదీ చూసుకోవాలి. సంచుల్లో సగం తీసేశాను గానీ, 20 లీటర్ల నీళ్ళ క్యాన్లను మాత్రం కదిలించలేదు. నాయన వాటిని చూసి తల ఊపాడు. ఎందుకని అడగలేదు.

అది 2011 జూన్. అమ్మ, నాయన అడిలైడ్‌లో మా ఇంటికి వచ్చి రెండు నెలలైంది. అమ్మకు మనవడితో పొద్దు గడిచిపోయేది. నాయనకు గడిచేది కాదు. కళ్యాణదుర్గం పక్క పల్లెలో పుట్టి, యాభై ఏళ్ళు వేరుశనగ పండించిన మనిషికి మా ఇంటి వెనక ఉన్న చారెడు గడ్డి ఏం సరిపోతుంది? ఒకరోజు పేపర్లో ఫొటో చూపించి, ఇది ఏ చెరువని అడిగాడు. లేక్ ఐర్. అక్కడి అరబానా ప్రజల మాటలో కాటి తాండా. ఆస్ట్రేలియాలో అన్నిటికంటే పల్లపు నేల, సముద్రమట్టానికి 15 మీటర్ల దిగువన ఉంటుంది. నిండితే 9,500 చదరపు కిలోమీటర్ల నీళ్ళు. కానీ నిండడమే అపురూపం. చాలా ఏళ్ళు అది ఉత్త ఉప్పు బయలు. ఎక్కడో క్వీన్స్‌లాండ్‌లో పెద్ద వానలు పడితే, ఆ నీళ్ళు డయమంటీనా, జార్జినా, కూపర్ క్రీక్ వాగుల్లో వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా పాకి, దారిలో సగానికి పైగా ఇంకిపోయి, ఆవిరైపోయి, మిగిలినవి అక్కడికి చేరతాయి. రికార్డుల్లో అన్నిటికంటే పెద్ద నిండు 1974లో వచ్చింది. ఆ రెండు మూడేళ్ళుగా మళ్ళీ నీళ్ళు వస్తున్నాయి.

అంతా విని నాయన ఒక్క మాటే అన్నాడు. "చెరువు నిండిందంటే పోయి సూడాల్సిందే గదమ్మా."

మా వైపు చెరువు నిండితే ఊరంతా కట్ట మీదికి పోతుంది. టెంకాయ కొడతారు. ఆ మాట కాదనడం నాకు చేతకాలేదు. నాకు లైసెన్సు వచ్చి అప్పటికి రెండేళ్ళు. అడిలైడ్ ఉత్తరం అంచున, 1927 నుంచీ ఉన్న పారాఫీల్డ్‌లో నేర్చుకున్నాను. అక్కడే గంటల లెక్కన విమానం అద్దెకు తీసుకున్నాను. అడిలైడ్ నుంచి లీ క్రీక్, అక్కడి నుంచి విలియం క్రీక్, ఒక పొద్దు చెరువు మీద తిరిగి, ఊడ్నడాటా మీదుగా ఆలిస్ స్ప్రింగ్స్. ఇదీ మా దారి.

బయలుదేరే ముందు రాత్రి వంటింటి బల్ల మీద మ్యాప్ పరిచి, విమానాల రాకపోకలు చూసే ఆఫీసు నంబరుకు ఫోన్‌లో వివరాలు చెప్పాను. విమానం నంబరు, దారి, ఎంతమంది ఉన్నాం, ఎన్ని గంటలకు సరిపడా పెట్రోలు ఉంది. చివర్లో ఒక టైము. దాన్ని సార్‌టైమ్ అంటారు. ఆ టైములోగా మనం దిగి, క్షేమంగా ఉన్నామని ఫోన్ చేసి దాన్ని కొట్టేయించాలి. చేయకపోతే వాళ్ళు ముందు అక్కడా ఇక్కడా ఫోన్లు చేసి వాకబు చేస్తారు. అప్పటికీ తెలియకపోతే వెతకడానికి విమానాలు బయలుదేరతాయి.

నాయన పక్కనే కూర్చుని విన్నాడు.

"అంటే మనం దిగినామా లేదా అని ఒకాయన గడియారం చూస్తా కూచుంటాడా?"

"అవును నాయనా."

"మనమెవరో ఆయనకు తెలీదు గదా?"

"తెలీదు. విమానం నంబరు తెలుసు, టైము తెలుసు."

చాలాసేపు మాట్లాడలేదు. నాకు మాత్రం మా ఊరి బస్టాపు గుర్తొచ్చింది. అనంతపురంలో ఇంటర్ చదివేటప్పుడు శనివారం ఆఖరి బస్సుకు వచ్చేదాన్ని. వేపచెట్టు కింద బ్యాటరీ లైటు పట్టుకుని నాయన నిలబడి ఉండేవాడు. బస్సు రాకపోతే ఇంటికి పోడు. ఎదురు నడిచేవాడు. ఒకసారి టైరు పంక్చరై బస్సు మూడు మైళ్ళ అవతల ఆగిపోతే, చీకట్లో రోడ్డు మీద ఊగుతూ వస్తున్న ఆ లైటును బస్సు కిటికీలోంచి చూశాను. ఆ వెలుతురు ఎవరిదో నాకు తెలుసు.

పొద్దున ఏడు దాటాక బయలుదేరాం. రెక్కల్లోని ట్యాంకుల్లోంచి కాస్త పెట్రోలు చిన్న గాజు గొట్టంలోకి వంచి, అడుగున నీటిబొట్టు ఉందేమోనని వెలుతురుకు పెట్టి చూశాను. విమానాల పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది. నాయన కూడా పట్టుకుని చూశాడు. చలి గాలి బిగువుగా ఉండి విమానం తేలిగ్గా లేచింది. గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగం. పెద్ద విమానంతో పోలిస్తే నడకే. ఆ నడకే దాని అందం. కింద ఒక ఊరు కనబడితే, అది దాటేదాకా దాని బతుకేమిటో ఆలోచించడానికి వ్యవధి ఉంటుంది.

మొదటి గంట గోధుమ పొలాలు. తర్వాత ఆ పచ్చదనం పలచబడింది. ఇక్కడే నాయనకు ఒక సంగతి చెప్పాలని ముందే అనుకున్నాను. 1865లో జార్జ్ గోయిడర్ అనే సర్వేయర్ గుర్రం మీద తిరిగి, ఎక్కడ ఏ మొక్కలు మొలుస్తున్నాయో చూసి, మ్యాప్ మీద ఒక గీత గీశాడు. దానికి ఉత్తరాన సేద్యం వద్దన్నాడు. ఇప్పటి లెక్కల్లో అది ఇంచుమించు ఏడాదికి 10 అంగుళాల వాన పడే గీత. తర్వాత వరసగా మంచి వానలు పడ్డాయి. నాగలి పోయినచోటికి వాన కూడా వస్తుందని జనం నమ్మారు. గీత దాటి పోయి పొలాలు చేశారు, రాతి ఇళ్ళు కట్టుకున్నారు. 1880ల కరువుతో అంతా పోయింది. ఆ ఇళ్ళ మొండిగోడలు ఇప్పటికీ ఉన్నాయి. కప్పు లేని నాలుగు గోడలు, నిలబడిన పొగగొట్టం, చుట్టూ ఏమీ లేదు.

హెడ్‌ఫోన్‌లో నాయన గొంతు నెమ్మదిగా వినిపించింది. "నాలుగేండ్లు వానొస్తే ఎవుడైనా నమ్ముతాడు పాపా. వాళ్ళది తప్పనలేం." మా జిల్లాలో 22 అంగుళాల వాన పడుతుంది. దానికే మేం ఎన్ని కరువులు చూశామో ఆయనకు తెలుసు. ఆ గోడలు వెనక్కి పోయేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాడు.

ఫ్లిండర్స్ కొండల్లో విల్పెనా పౌండ్ వచ్చింది. చుట్టూ కొండల గోడ, మధ్యలో పళ్ళెంలా పల్లం. కింద నుంచి చూస్తే కొండల వరస అంతే, పై నుంచే దాని ఆకారం పూర్తిగా తెలుస్తుంది. లీ క్రీక్‌లో దిగి పెట్రోలు పోయించి, అమ్మ కట్టిచ్చిన చపాతీలు తిన్నాం. అప్పట్లో బొగ్గు గని ఊరు. అక్కడ చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

అక్కడి నుంచి ఉత్తరానికి పోతే మనుషుల గుర్తులు ఒక్కొక్కటే రాలిపోతాయి. రోడ్డు మట్టిదారి అవుతుంది. కంచెలు అయిపోతాయి. అక్కడ ఉన్న ఒకే పెద్ద కంచె డింగోలను, అంటే అడవి కుక్కలను, గొర్రెల మీదికి రాకుండా ఆపేది. దాని పొడవు 5,600 కిలోమీటర్ల పైన. మ్యాప్ మీద బోరు, గాలిమర, ట్యాంకు కూడా గుర్తులు వేసి ఉంటాయి, వేరే గుర్తించడానికి ఏమీ ఉండదు గనక. నాయనను నా సహాయకుడిగా పెట్టుకున్నాను. "ఎడమ పక్క ఒక గాలిమర రావాలి, చూడు" అంటే ఆయన ముందుకు వంగి వెతికేవాడు. దొరికితే ఆ సంతోషం చూడాలి. బీడు మీద నీటి జాడ పట్టడంలో ఆయన కళ్ళ ముందు నావి ఏపాటివి!

దక్షిణ ఆస్ట్రేలియా అనే ఆ ఒక్క రాష్ట్రం అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు మూడున్నర రెట్లు. అప్పటికి మన జనాభా ఎనిమిదిన్నర కోట్లు, వాళ్ళది 16 లక్షలు. అందులోనూ మూడొంతులకు పైగా అడిలైడ్‌లోనే. ఈ అంకెలు నేను ఎన్నోసార్లు చదివాను. మూడు వేల అడుగుల ఎత్తున, నలువైపులా అంచుదాకా ఎర్రమట్టి తప్ప ఇంకేమీ లేనప్పుడుగానీ అవి నాకు బోధపడలేదు. ఆ మట్టి మా ఊరి మట్టి రంగే.

మారీ ఊరి మీదుగా పోయేటప్పుడు ఖర్జూరపు చెట్లు కనిపించాయి. రైలు రాకముందు ఈ ఎడారికి సరుకులు మోసింది ఒంటెలు. వాటిని తోలింది అప్పటి మన దేశపు వాయవ్యం నుంచి, దాని అవతల నుంచి, అంటే ఇప్పటి పాకిస్తాన్, అఫ్ఘనిస్తాన్ వైపుల నుంచి వచ్చిన మనుషులు. అందరినీ కలిపి అఫ్ఘన్లు అనేవారు. అడిలైడ్ నుంచి ఉత్తరానికి పోయే ఘాన్ రైలు పేరు వాళ్ళ నుంచి వచ్చిందే. మారీలో వాళ్ళు మట్టితో మసీదు కట్టుకున్నారు. పాత రైలు కట్ట, 1872 నాటి టెలిగ్రాఫ్ దారి, ఇప్పటి మట్టి రోడ్డు మూడూ ఒకే వరుసలో పోతాయి. ఎందుకలా అని అడిగాడు నాయన. భూమిలోంచి ఊట ఉబికే గుంటలు ఆ వరుసలోనే ఉన్నాయి. "నీళ్ళున్న దారినే గదా ఎవురైనా పొయ్యేది" అని తనే జవాబు చెప్పుకున్నాడు.

విలియం క్రీక్‌కు పది మైళ్ళ దూరంలో రేడియోలో నా విమానం నంబరు, ఎత్తు, ఏ వైపు నుంచి వస్తున్నానో చెప్పాను. ఎవరూ పలకలేదు. అక్కడ కంట్రోల్ టవర్ ఉండదు. చుట్టుపక్కల ఎగురుతున్నవాళ్ళు ఎవరైనా వింటారని చెప్పడమే. మళ్ళీ చెప్పాను. "ఎవురూ లేకపోయినా చెప్పాలా?" అన్నాడు నాయన. చెప్పాలన్నాను. రన్‌వే మీద ఆవులో కంగారూలో ఉన్నాయేమోనని తక్కువ ఎత్తులో ఒకసారి మీదుగా పోయి, తిరిగి వచ్చి దిగాను.

పది మంది కూడా లేని ఊరు. రోడ్డు, దాని పక్కన 1887 నాటి హోటలు, దానికెదురుగా విమానాలు. చుట్టూ ఉన్న అన్నా క్రీక్ స్టేషన్ ప్రపంచంలోకెల్లా పెద్ద పశువుల స్టేషన్, అంటే పశువులను మేపే కమతం, అప్పట్లో దాదాపు 24,000 చదరపు కిలోమీటర్లు. మా అనంతపురం జిల్లా అప్పట్లో రాష్ట్రంలోనే పెద్దది, అది 19,000. నాయనకు చెబితే నమ్మలేదు. రెండుసార్లు అడిగి, మనసులో లెక్క వేసుకున్నాడు.

విమానాన్ని తాళ్ళతో నేలకు కట్టాం. ఎద్దును కట్టినట్టు ముడి నాయనే వేశాడు. అంతలో ఇంకో విమానంలో వచ్చినవాళ్ళు చెరువు ఫొటోలు చూపిస్తుంటే నేను వాళ్ళతో మాటల్లో పడిపోయాను. నీళ్ళు ఎంతదాకా వచ్చాయి, పక్షులు ఏ ఒడ్డున ఉన్నాయి, ఇదే ధ్యాస. వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది.

"పాపా, ఫోన్ చేసినావా?"

వాచీ చూశాను. నేను ఇచ్చిన టైము నాలుగున్నర. అప్పుడు నాలుగూ ఇరవై. సెల్‌లో సిగ్నల్ లేదు. పరుగెత్తి హోటల్లో ఫోను అందుకున్నాను. అవతల ఒక ఆడమనిషి గొంతు నిదానంగా నంబరు అడిగి, "సార్‌టైమ్ క్యాన్సిల్ చేశాం" అని పెట్టేసింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఇంకో పది నిమిషాలు గడిస్తే ఎవరెవరిని కంగారు పెట్టేదాన్నో! బయటికి వస్తే నాయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. "చేసినావు గదా" అని అడిగి లోపలికి వచ్చాడు.

ఆ రాత్రి హోటల్లో పశువుల స్టేషన్‌లో పనిచేసే పెద్దాయన ఒకరు మా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఒకప్పుడు గుర్రం మీది నుంచి పడి తొడ ఎముక విరిగితే ఫ్లైయింగ్ డాక్టర్లు వచ్చి తీసుకుపోయారట. ఆయన మాటలను నేను తెలుగులో చెబుతూ పోయాను. జాన్ ఫ్లిన్ అనే పాదిరి పట్టుబట్టి మొదలుపెట్టిన పని అది. 1928 మే 17న క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీ నుంచి మొదటి డాక్టరు విమానం ఎగిరింది. క్వాంటస్ అనే విమాన కంపెనీ అద్దెకిచ్చిన చిన్న విమానం. విమానం ఉన్నా పిలిచేదెట్లా? మరుసటి ఏడాది అడిలైడ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ ట్రెగర్ తయారుచేసిన తొక్కుడు రేడియో ఆ ఇళ్ళకు చేరడం మొదలైంది. కాళ్ళతో తొక్కితే కరెంటు పుడుతుంది, సందేశం పోతుంది. వందల మైళ్ళ దూరంలో ఉన్న ఆడవాళ్ళు రోజూ ఒక వేళకు ఆ రేడియోలోనే కష్టసుఖాలు చెప్పుకునేవారు. గోలగా అరిచే గలా చిలకల పేరు పెట్టి దాన్ని గలా సెషన్ అనేవారు.

నాయన గ్లాసు పక్కకు పెట్టి, "మా అక్కను బండిలో ఏసుకుని కళ్యాణదుర్గానికి పోతిమి. దారిలోనే పాయె. బిడ్డ కూడా" అన్నాడు. మా అత్త కాన్పులో పోయిందని తెలుసు. బండి తోలింది పద్నాలుగేళ్ళ నాయనేనని నాకు ఆ రాత్రే తెలిసింది. పెద్దాయనకు అది ఎట్లా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఆయన కూడా అడగలేదు.

బయట ఎముకలు కొరికే చలి. పాలపుంత నేలదాకా దిగి ఉంది. మన వైపు కనబడనంత చిక్కగా. నాయన దుప్పటి కప్పుకుని మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు.

మర్నాడు పొద్దున చెరువు. ముందు తెల్లటి ఉప్పు, తర్వాత గులాబీ రంగు నీళ్ళు, తర్వాత ఆకాశం రంగు నీళ్ళు. పెలికాన్లు గుంపులుగా, పై నుంచి చూస్తే ఆరబోసిన బియ్యంలా. "మన వీరాపురం కొంగల మాదిరే. నీళ్ళొచ్చినాయని వీటికెవురు చెప్పినారో" అన్నాడు నాయన. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే కొంగలను ఊరివాళ్ళు ఆడబిడ్డల్లా చూసుకుంటారు. ఎడారిలో నీళ్ళు చేరాయని సముద్రపు ఒడ్డున ఉండే పెలికాన్లకు ఎట్లా తెలుస్తుందో నాకూ అంతు చిక్కదు.

ఇంకాస్త లోపలికి పోయాం. గాలి లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఒక్కసారిగా ఆకాశానికీ నేలకూ మధ్య గీత మాయమైంది. పైనా తెలుపే, కిందా తెలుపే. విమానం వాలిందో తిన్నగా ఉందో ఒంటికి తెలియడం లేదు. ఇట్లాంటి చోట కళ్ళను నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళ గురించి మాకు పాఠంలోనే చెప్పారు. ఒడ్డు కనబడకుండా పోవద్దని కూడా చెప్పారు. చూపును బయటి నుంచి తీసి డయళ్ళ మీద పెట్టాను. విమానం వాలిందో తిన్నగా ఉందో చూపే కృత్రిమ హొరైజన్, ఎత్తు, వేగం, మళ్ళీ కృత్రిమ హొరైజన్. నెమ్మదిగా మలుపు తిప్పి పడమటి ఒడ్డు వైపు పట్టాను. రెండు మూడు నిమిషాలే అయ్యుంటుంది. దూరాన గోధుమరంగు గీత ఒకటి కనబడేదాకా ఊపిరి ఆడలేదు. నాయనకు ఏమీ చెప్పలేదు. దిగాక ఆయనే అన్నాడు. "ఆడ నీకు టెన్షన్ అయింది గదా? మాట మానేసినావు. అందుకే నేనూ మాట్లాడలా."

పెట్రోలు నింపుకుని ఊడ్నడాటాలో టీకి ఆగాం. 1960 జనవరి 2న 50.7 డిగ్రీల ఎండ కాసిన ఊరు. మేం పోయిన రోజు చలికాలపు ఎండ హాయిగా ఉంది, ఈగలు మాత్రం కళ్ళలోకే వచ్చేవి. గులాబీ రంగు వేసిన రోడ్‌హౌస్‌లో టీ తాగి, టైము చూసుకుని లేచాం. చీకటి పడడానికి పది నిమిషాల ముందే నేల మీద ఉండాలన్నది నా లైసెన్సుకు నియమం. ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర టవర్ నుంచి నా పిలుపుకు జవాబు వచ్చినప్పుడు నాయన హెడ్‌ఫోన్ గట్టిగా చెవికి అదుముకున్నాడు. నడి ఎడారిలో ఒక మనిషి పలికాడు మరి.

ఆ ఊళ్ళో కూకబరా అనే విమానం శకలం భద్రపరిచి ఉంది. 1929 ఏప్రిల్‌లో కింగ్స్‌ఫర్డ్ స్మిత్ అనే పేరుమోసిన పైలట్ విమానం కనబడకుండా పోతే, వెతకడానికి కీత్ ఆండర్సన్, బాబ్ హిచ్‌కాక్ అనే ఇద్దరు ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి బయలుదేరారు. ఇంజను మొరాయించి తనామీ ఎడారిలో దిగారు. బాగు చేసుకున్నారు గానీ, పొదల మధ్య మళ్ళీ లేవలేకపోయారు. రేడియో లేదు. నీళ్ళు కొద్దిగానే ఉన్నాయి. దాహంతోనే పోయారు. వాళ్ళు వెతకబోయినవాళ్ళు మాత్రం క్షేమంగా దొరికారు. ఆండర్సన్ తన ఆఖరి రోజుల సంగతులు విమానం తోక గుడ్డ మీద రాశాడు. ఎడారిలో మిగిలిపోయిన విమానాన్ని 1978లో డిక్ స్మిత్ అనే ఆస్ట్రేలియా వ్యాపారి మళ్ళీ కనిపెట్టాడు.

తుప్పు పట్టిన ఆ గొట్టాల ముందు నాయన చాలాసేపు నిలబడ్డాడు. "ఎన్ని నీళ్ళు తీసుకపోయినారంట?" అని అడిగాడు. రెండు మూడు లీటర్లని చెప్పాను. మా విమానంలో వెనక సీటు కింద ఉన్న 20 లీటర్ల సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. తిరుగు ప్రయాణంలో క్యాన్లను తనే మోసి, తనే సర్దాడు.

ఆగస్టులో వాళ్ళు ఇండియాకు వెళ్ళిపోయారు. తర్వాత అమ్మ ఫోన్‌లో ఒక సంగతి చెప్పింది. మా వైపు రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి తోటకు పోవాలి. పాములు, పాత బావులు. అన్నేళ్ళూ ఎప్పుడు పోయేవాడో, ఎప్పుడు వచ్చేవాడో చెప్పని మనిషి, ఆస్ట్రేలియా నుంచి వచ్చాక గుమ్మంలో ఆగి టైము చెప్పి పోతున్నాడట. "రెండున్నరకు వస్తా. రాకపోతే పక్కింటోళ్ళను లేపు." వచ్చాక అమ్మ నిద్రపోతున్నా లేపి, వచ్చానని చెప్పేవాడట.

2018లో నాయన పోయాడు. నేను ఇప్పటికీ ఎగురుతాను. దిగి, ఇంజను ఆపి, తాళ్ళు కట్టి, మొదట ఆ నంబరుకు ఫోన్ చేస్తాను. తర్వాత ఇంటికి చేస్తాను. అమ్మకు నేను చేసే టైము తెలుసు. మొదటి రింగుకే ఎత్తుతుంది.

"దిగినావా?" అంటుంది.

"దిగినామ్మా."